నడకకు కూడా పనికొచ్చే క్లీట్ బూట్లు, పెడళ్లు: రోజూ సైకిల్ మీద బడికి వెళ్లేవారికి ఏవి నయం?

బడిదారి (నల్గొండ)
జూన్ 16, ఉదయం 5:40

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ పాఠశాలలో గణితం చెబుతాను. ఇల్లు నల్గొండలో, బడి కనగల్లు వైపు ఒక పల్లెలో. వెళ్లడానికి 19 కిలోమీటర్లు, తిరిగి రావడానికి 19. రెండేళ్లుగా బల్లపరుపు పెడళ్లు, కాన్వాస్ బూట్లతోనే తొక్కుతున్నాను. వాన కురిస్తే చాలు, పాదం పెడల్ మీద నిలవడం లేదు. మొన్న తొలకరి రోజున కాలు జారి పెడల్ పన్ను పిక్కలో దిగింది. నాలుగు కుట్లు పడ్డాయి. అప్పటి నుంచి క్లిప్‌లెస్ పెడళ్ల గురించి ఆలోచిస్తున్నాను, అంటే బూటు అడుగున బిగించే క్లీట్ అనే ముక్కను పట్టి ఉంచే పెడళ్లు.

నా ఇబ్బంది ఒకటే. బడికి చేరాక సాయంత్రం దాకా నిలబడే ఉంటాను. ప్రార్థన, పాఠాలు, మధ్యాహ్న భోజనం దగ్గర వరుసలు, మేడమెట్లు. ఇంకో జత బూట్లు తీసుకెళ్దామంటే పుస్తకాలు, టిఫిన్ డబ్బా, వాన కోటుతోనే సంచి నిండిపోతుంది. ఒక దుకాణంలో అడిగితే అడుగున పెద్ద ప్లాస్టిక్ ముక్క పొడుచుకొచ్చిన బూటు చేతికిచ్చారు. వేసుకుని నాలుగడుగులు నడిచాను. ముందుపాదం నేలకు ఆనదు, మడమ మీదే నడవాలి. అది తొడుక్కుని తరగతిలోకి వెళ్లలేను. హాయిగా నడవగల క్లీట్ బూట్లు నిజంగా ఉన్నాయా?

ఇంకో సందేహం. బూటును పెడల్ క్లిప్పులా పట్టుకుంటుంది కదా, మరి దీనికి క్లిప్‌లెస్ అని పేరెందుకు?

జూరాల గాలి (గద్వాల)
జూన్ 16, ఉదయం 6:25

మాస్టారూ, ముందు పేరు సంగతి. వెనకటి పందెం సైకిళ్లకు పెడల్ ముందు ఒక లోహపు పంజరం, దానికి తోలు పట్టా ఉండేవి. పాదం అందులోకి దూర్చి పట్టా బిగించుకునేవారు. ఆ పంజరాన్నే టో క్లిప్ అనేవారు. ఫ్రాన్సుకు చెందిన లుక్ సంస్థ 1984లో, స్కీ బూట్ల బిగింపు పద్ధతిని సైకిల్‌కు తెచ్చి, ఆ పంజరం అక్కరలేని పెడల్ చేసింది. మరుసటి ఏడాది ఫ్రెంచ్ సైకిలిస్టు బెర్నార్డ్ ఇనో ఆ పెడళ్లతోనే టూర్ ద ఫ్రాన్స్ పందెం గెలిచాడు. పంజరం లేనిది కాబట్టి క్లిప్‌లెస్. అలా స్థిరపడిపోయింది.

దుకాణంలో మీకిచ్చింది ఆ వంశానిదే, మూడు బోల్టుల క్లీట్. రోడ్డు పందేల కోసం పుట్టింది. వెడల్పుగా ఉండి బలాన్ని పాదమంతా పంచుతుంది. నడకకు మాత్రం పనికిరాదు. ప్లాస్టిక్ కాబట్టి నడిచినకొద్దీ అరుగుతుంది, నున్నని గచ్చు మీద జారుతుంది.

మీకు కావలసింది రెండు బోల్టుల క్లీట్. జపాన్ సంస్థ షిమానో వాళ్లు 1990లో కొండదారుల సైకిళ్ల కోసం ఎస్‌పీడీ పేరుతో తెచ్చారు. కొండదారిలో సైకిల్ దిగి మోసుకుంటూ నడవక తప్పదు. అందుకే క్లీట్‌ను బొటనవేలంత చిన్న ఉక్కు ముక్కగా చేసి, బూటు అడుగున గుంట తవ్వి అందులో కూర్చోబెట్టారు. చుట్టూ ఉన్న రబ్బరు గుబ్బలు క్లీట్ కంటే ఎత్తుగా ఉంటాయి. నేలకు ఆనేది రబ్బరు, ఉక్కు కాదు. నేను గద్వాల కోట అంతా ఆ బూట్లతోనే తిరిగాను.

పల్లేరుకాయ (దేవరకొండ)
జూన్ 16, ఉదయం 7:10

నా మాట కాస్త వేరు. 19 కిలోమీటర్లకు క్లీట్ అవసరమే లేదు. మంచి మేకులున్న వెడల్పాటి బల్లపరుపు పెడళ్లు, మెత్తగా అతుక్కునే రబ్బరు అట్ట ఉన్న బూట్లు చాలు. నేను దేవరకొండ నుంచి సాగర్ దాకా అలాగే వెళ్లి వస్తాను. మన దారుల్లో ఎప్పుడు ఏది అడ్డొస్తుందో చెప్పలేం. మేకల మంద, వరి కోతలప్పుడు సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వడ్ల చుట్టూ పెట్టిన రాళ్లు. చటుక్కున కాలు కింద పెట్టాల్సిన చోట కాలు కట్టేసుకోవడం నాకు నచ్చదు.

జూరాల గాలి (గద్వాల)
జూన్ 16, ఉదయం 7:32

మీరన్న వడ్ల సంగతి అక్షరాలా నిజం. కానీ మాస్టారి పిక్కలో దిగింది కూడా బల్లపరుపు పెడల్ పన్నే కదా. వానలో మేకుల మీద నుంచి జారితే ఏమవుతుందో ఆయన చూశారు.

జడ్చర్ల పానా
జూన్ 16, మధ్యాహ్నం 1:15

నేను జడ్చర్లలో సైకిళ్లు బాగుచేస్తాను. ఇద్దరు చెప్పిందీ సరైనదే కాబట్టి మధ్యేమార్గం చెబుతాను. ఒకవైపు బల్లపరుపుగా, రెండోవైపు ఎస్‌పీడీ పట్టు ఉండే పెడళ్లు దొరుకుతాయి. షిమానోలో ఈహెచ్ 500 అలాంటిదే. ఊళ్లో, సంతలో, రైల్వే గేటు దగ్గర బల్లపరుపు వైపు తొక్కండి. ఊరు దాటాక తిప్పి బిగించుకోండి. ఆదివారం చెప్పులేసుకుని కూరగాయలకు వెళ్లినా అదే పెడల్ పనికొస్తుంది. కావలసిన వైపు పైకి రావడానికి మొదట్లో కాలితో వెతుక్కోవాలి. రెండు వారాల్లో చూడకుండానే తిప్పేస్తారు.

బూటు కొనేటప్పుడు మూడు చూడండి.

మడమ ఒక చేత్తో, వేళ్ల దగ్గర ఇంకో చేత్తో పట్టుకుని వంచండి. అసలు వంగకపోతే అది పందెం బూటు, దానితో రోజంతా నిలబడలేరు. నడుమ దగ్గర మడతపడితే తొక్కేటప్పుడు అరికాలు నొప్పి పుడుతుంది. వంపు క్లీట్ గుంటకు ముందు, వేళ్ల మొదట్లో మాత్రమే రావాలి. క్లీట్ కింద గట్టి పలక, వేళ్ల కింద మెత్తని అట్ట. నడక బూటుకు ఇదే ప్రాణం.

రెండోది. కొత్త బూటులో క్లీట్ ఉండదు, అది పెడళ్ల పెట్టెలో వస్తుంది. కాబట్టి ముందు పెడళ్లు కొని క్లీట్ జేబులో వేసుకుని బూట్ల దుకాణానికి వెళ్లండి. క్లీట్‌ను గుంటలో పెట్టి బూటును నున్నని బండ మీద నిలబెట్టండి. కింద నుంచి పోస్టుకార్డు దూర్చండి. క్లీట్ కింద నుంచి ఆడుతూ దూరితే మంచిది. తగిలితే ఆ బూటు రేపు మీ బడి గచ్చు మీద గీతలు పెడుతుంది.

మూడోది, సాయంత్రం పూట కొనండి. మన ఎండలకు పాదం ఉబ్బుతుంది. పొద్దున సరిపోయిన బూటు మధ్యాహ్నం వేళ్లను నొక్కుతుంది.

మన్యంకొండ మెట్లు (మహబూబ్‌నగర్)
జూన్ 16, రాత్రి 9:05

పానా అన్నా, పోస్టుకార్డు కొలత బాగుంది. నా బూట్లకు ఇప్పుడే చూశాను, దూరింది.

మాస్టారూ, నేను బ్యాంకులో పనిచేస్తాను. వారానికి నాలుగు రోజులు సైకిల్ మీదే వెళ్తాను. బిగింపు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. లేసులు, అతుక్కునే పట్టాలు, తిప్పే గుండీ అని మూడు రకాలు ఉంటాయి. నా మొదటి జత లేసులది. సెలవు రోజుల్లో మా జట్టు తొక్కేది ఎక్కడికంటే మన్యంకొండకో, అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరానికో, మీ పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికో. ప్రతి గుడి ముందూ బూట్లు విప్పాలి, మళ్లీ కట్టాలి. చెమటకు తడిసిన లేసు ముడి ఊడదు. పైగా ఒకసారి లేసు కొస పళ్లచక్రంలో చుట్టుకుంది. అదృష్టం కొద్దీ ఎత్తు ఎక్కుతూ నెమ్మదిగా వెళ్తున్నాను. ఇప్పుడు రెండు పట్టాల బూట్లు వాడుతున్నాను. లేసులే కావాలంటే కొస దోపుకోవడానికి నాలుక మీద సాగే పట్టీ ఉన్నవి చూడండి.

ఇంకొకటి, ఆడవాళ్లకు చెప్పాల్సినది. మన దగ్గర దుకాణాల్లో యూరప్ కొలతల్లో 38 కంటే చిన్నవి అరుదు. పెద్ద బూటు కొని లోపల ఇంకో అట్ట వేసుకోమన్నారు. అలా చేస్తే తొక్కేటప్పుడు ఫరవాలేదు గానీ నడిచేటప్పుడు మడమ లేచిపోయి బొబ్బలు వస్తాయి. నేను ఆరు వారాలు ఆగి సరైన కొలత తెప్పించుకున్నాను. ఆగడమే మంచిదైంది.

బడిదారి (నల్గొండ)
జూన్ 17, ఉదయం 5:30

ఇంత శ్రద్ధగా చెప్పినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఛాయా సోమేశ్వరాలయం మా ఇంటికి దగ్గరే. ఈసారి మీ జట్టు వస్తే చెప్పండి అక్కా, టీ నాది.

రెండు వైపులా వేరుగా ఉండే పెడళ్లే తీసుకుంటాను. భయం ఒకటి మిగిలింది. ఆపినప్పుడు కాలు ఊడకపోతే?

కీలు వైద్యం (సూర్యాపేట)
జూన్ 17, ఉదయం 8:50

నేను ఫిజియోథెరపిస్టును, సైకిల్ తొక్కుతాను కూడా. భయం తీరే మార్గం క్లీట్ ఎంపికలోనే ఉంది. షిమానో రెండు బోల్టుల క్లీట్లలో ఎస్‌హెచ్ 51 అనేది మడమను పక్కకు తిప్పితేనే ఊడుతుంది. ఎస్‌హెచ్ 56 పక్కకు తిప్పినా, గట్టిగా పైకి లాగినా ఊడుతుంది. కొత్తవారు కంగారులో చేసేది పైకి లాగడమే. కాబట్టి 56తో మొదలుపెట్టండి. పెడళ్ల పెట్టెలో ఏది వచ్చిందో చూసుకుని, 51 అయితే 56 విడిగా కొనండి. పట్టు బిగువు మార్చడానికి పెడల్ వెనక చిన్న మర ఉంటుంది. దాన్ని వదులు వైపు చివరిదాకా తిప్పి ఉంచండి.

ఇక నా దగ్గరికి మోకాలి నొప్పితో వచ్చే సైకిలిస్టుల మాట. చాలామందికి నొప్పి మొదలైంది క్లీట్ బిగించిన నెలలోనే. మామూలు పెడల్ మీద పాదం తనకు నచ్చినట్టు సర్దుకుంటుంది. క్లీట్ బిగిస్తే నిమిషానికి ఎనభై తొంభైసార్లు ఒకే కోణంలో తిరుగుతుంది. ఆ కోణం తప్పైతే భారమంతా మోకాలి మీద పడుతుంది. ఎత్తైన బల్ల అంచున కూర్చుని కాళ్లు వదిలేయండి. పాదాలు ఏ కోణంలో వేలాడితే క్లీట్‌ను ఆ కోణంలోనే పెట్టండి. నూటికి నూరుపాళ్లు కుదరక్కర్లేదు, ఎస్‌పీడీలో సుమారు 4 డిగ్రీల కదలిక ఉంటుంది. క్రాంక్ బ్రదర్స్ అనే ఇంకో సంస్థ పెడళ్లలో 6 డిగ్రీలు.

ముందు వెనకల సంగతి కూడా. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా తగిలే ఎముక ఉంది కదా, బూటు వేసుకుని బయటి నుంచి దాన్ని తడిమి పెన్నుతో గీత పెట్టండి. క్లీట్ మధ్య భాగం ఆ గీత కింద గానీ, రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి గానీ ఉండాలి. మీలా నిలబడే ఉద్యోగం ఉన్నవారికి వెనక్కి ఉండటమే మేలు. పిక్క మీద భారం తగ్గుతుంది, నడిచేటప్పుడు వేళ్లకు వంగే చోటు మిగులుతుంది. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే బూటు బిగుతుగా ఉందనో, క్లీట్ మరీ ముందుకు ఉందనో అనుకోండి.

కుట్లు మానేదాకా మాత్రం కొత్త ప్రయోగాలు వద్దు.

జడ్చర్ల పానా
జూన్ 17, మధ్యాహ్నం 2:20

డాక్టర్ గారు చెప్పాక నేను చేతిపని మాత్రం చెబుతాను. ఎడమ పెడల్‌కు ఎడమ మర ఉంటుంది, విప్పబోయి మామూలు వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది. గుర్తు ఇదే: ఏ పెడల్ అయినా పానా పైభాగం సైకిల్ ముందు చక్రం వైపు తిరిగితే బిగుస్తుంది, వెనక చక్రం వైపు తిరిగితే ఊడుతుంది. కొన్నింటికి పదిహేను నంబర్ పానా, కొన్నింటికి లోపలి వైపు నుంచి ఎనిమిది నంబర్ అలెన్ కీ (ఆరు పలకల కడ్డీ). మరకు గ్రీజు పూయకుండా బిగించవద్దు. ఏడాది తర్వాత విప్పాలంటే పెడల్ బిగించే కడ్డీకే (క్రాంక్) ముప్పు.

క్లీట్ బోల్టులకు నాలుగు నంబర్ అలెన్. వాటికీ గ్రీజు. వానాకాలంలో ఆ రెండు బోల్టుల తలల్లో మట్టి, తుప్పు పట్టి అలెన్ గుంట గుండ్రంగా అరిగిపోతుంది. అలాంటివి నేను డ్రిల్లుతో తీయాల్సి వచ్చింది. కొత్తగా బిగించాక పది పదిహేను కిలోమీటర్లు తొక్కి మళ్లీ ఒకసారి బిగించండి. వదులైన క్లీట్ చాలా ప్రమాదం. మీరు మడమ తిప్పుతారు, బూటు తిరుగుతుంది, క్లీట్ పెడల్‌లోనే ఉండిపోతుంది. కాలు రాదు.

బూటు లోపలి అట్ట ఎత్తి చూడండి. క్లీట్ పలక పైన ఒక అంటుకునే కాగితం ఇస్తారు. అది అతికించకపోతే కింది బోల్టు రంధ్రాల నుంచి నీళ్లు లోపలికి వస్తాయి.

నల్లరేగడి (అలంపూర్)
జూన్ 17, సాయంత్రం 6:45

చల్క నేలల వాళ్లకు తెలియని బాధ ఒకటుంది. మా వైపు రేగడిలో వాన పడ్డాక పది అడుగులు వేస్తే క్లీట్ గుంట మట్టితో పూడిపోతుంది. మళ్లీ పెడల్‌లో కూర్చోదు. జేబులో వేపపుల్ల పెట్టుకుని గీక్కోవడమే. బురద దారి ఎక్కువైతే నాలుగు వైపులా పట్టే, మట్టి నిలవని పెడళ్లు మేలు. క్రాంక్ బ్రదర్స్ ఎగ్‌బీటర్ అలాంటిదే, నేను అదే వాడుతున్నాను. దాని క్లీట్లు ఇత్తడివి, ఉక్కు కంటే త్వరగా అరుగుతాయని తెలిసే తీసుకున్నాను. మాస్టారి దారి తారు రోడ్డే కాబట్టి ఎస్‌పీడీ చాలు.

బడిదారి (నల్గొండ)
జూలై 9, రాత్రి 8:30

కుట్లు మానాయి. పెడళ్లు, బూట్లు వచ్చాయి. బూట్లు నల్లనివి, చూడ్డానికి మామూలు నడక బూట్లలాగే ఉన్నాయి. పోస్టుకార్డు దూరింది. క్లీట్లు నేనే బిగించాను, గీతకు మూడు మిల్లీమీటర్లు వెనక్కి.

ఆదివారం బడి మైదానంలో గడ్డి మీద సాధన చేశాను. గోడ పట్టుకుని నిలబడి ఒక్కో కాలితో యాభైసార్లు పెట్టడం, తీయడం. సోమవారం రోడ్డెక్కాను. వెళ్లేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. వచ్చేటప్పుడు క్లాక్ టవర్ దగ్గర ఎడమ కాలు తీశాను, సైకిల్ మాత్రం కుడివైపుకు ఒరిగింది. నిలబడిన చోటనే పడ్డాను. మోచేయి గీరుకుంది, అంతే. పక్కనే పండ్లబండి తాత లేపి మంచినీళ్లిచ్చాడు.

మన్యంకొండ మెట్లు (మహబూబ్‌నగర్)
జూలై 9, రాత్రి 8:52

దెబ్బ పెద్దది కానందుకు సంతోషం. మాస్టారూ, రెండు పనులు చేయండి. ఆగడానికి ముప్పై అడుగుల ముందే కాలు తీసేయండి, ఆగాక కాదు. ఆగేటప్పుడు తీసిన కాలికి ఎదురు వైపుకు హ్యాండిల్‌ను వేలెడంత తిప్పండి. సైకిల్ తనంతట తానే తీసిన కాలి వైపు ఒరుగుతుంది. ఎప్పుడూ ఒకే కాలు తీయడం అలవాటు చేసుకోండి. మన రోడ్డు ఎడమ అంచు పల్లంగా ఉంటే ఎడమ కాలికి నేల అందదు, ఆగే చోటు చూసుకోండి.

పల్లేరుకాయ (దేవరకొండ)
జూలై 10, ఉదయం 6:15

త్వరగా కోలుకోండి. ఊళ్లోకి రాగానే బల్లపరుపు వైపుకు మారిపోండి. దానికోసమే కదా ఆ పెడళ్లు కొన్నారు.

బడిదారి (నల్గొండ)
అక్టోబర్ 20, సాయంత్రం 7:10

మూడు నెలలు వాడాక రాస్తున్నాను. ఇలాంటి ప్రశ్నతో వచ్చే ఇంకొకరికి పనికొస్తుందని.

వానాకాలమంతా పాదం ఒక్కసారి కూడా జారలేదు. ఎదురుగాలి ఇప్పటికీ ఎదురుగాలే, కానీ కాలు ఎక్కడుందో అన్న ఆలోచన పోయింది. వేగం ఏమంత పెరగలేదు. వేగం కోసం కొనేవారు అది తెలుసుకుని కొనండి.

నడక సంగతి. మొదటి వారం అరికాలి మధ్యలో బరువుగా అనిపించింది, తర్వాత అలవాటైంది. మధ్యాహ్నం దాకా హాయిగా ఉంటుంది. మూడు గంటల తర్వాత మామూలు బూటు కంటే గట్టిగానే తెలుస్తుంది, దాచడం ఎందుకు. విరామంలో ఐదు నిమిషాలు పట్టాలు వదులు చేస్తే చాలు. మేడమెట్లు దిగడంలో భయం లేదు. ఒక్క చోట జాగ్రత్త కావాలి: మా బడి వరండాలో తాండూరు బండలు, తడిసినప్పుడు రబ్బరు కూడా జారుతుంది.

ఈ మధ్య ఒక చప్పుడు మొదలైంది. వరండాలో నడుస్తుంటే కుడి బూటు టిక్కు టిక్కుమంటోంది. ఆరో తరగతి పిల్లలు ఆ చప్పుడు విని నేను వస్తున్నానని పుస్తకాలు తెరుస్తున్నారు. తిప్పి చూస్తే బొటనవేలి వైపు రబ్బరు గుబ్బలు అరిగి క్లీట్ అంచు బండకు తగులుతోంది. సైకిల్ ఎక్కేటప్పుడు నేను ఎప్పుడూ కుడి కాలి మీదే తిరుగుతాను, అందుకే కాబోలు. పానా అన్నా, దీనికేమైనా చేయవచ్చా?

జడ్చర్ల పానా
అక్టోబర్ 20, రాత్రి 9:40

చేయవచ్చు. ముందు గుంటలో కంకర రాయి ఏదైనా ఇరుక్కుందేమో చూడండి, ఒక్కోసారి చప్పుడు దానిదే. కాకపోతే, క్లీట్ కింద ఎత్తు కోసం పలుచని పలక ఏదైనా వేసి ఉంటే తీసేయండి. అది కూడా లేకపోతే చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లి, అరిగిన చోట గట్టి రబ్బరు ముక్క అతికించమనండి. టైరు రబ్బరు బాగా ఆగుతుంది. క్లీట్‌కు ఆనకుండా కొంచెం సందు వదలమని చెప్పండి, లేకపోతే పెడల్‌లో కూర్చోదు. నేను ముగ్గురికి అలా చేయించాను, ఏడాదిగా తిరుగుతున్నారు.

బడిదారి (నల్గొండ)
అక్టోబర్ 24, రాత్రి 8:05

కంకర కాదు, అరుగుదలే. ప్రకాశం బజారులో ఒక పెద్దాయన టైరు రబ్బరు కోసి, అంచులు చెక్కి, అరగంటలో అతికించి రెండు మేకులు కూడా కొట్టాడు. పోస్టుకార్డు మళ్లీ దూరుతోంది. మా సామాన్యశాస్త్రం మాస్టారు కూడా ఈ నెల సైకిల్ కొన్నారు, పాదాలు 45 కొలత. ఆ కొలతలో వెడల్పు బూట్లు ఎవరికైనా దొరికాయా?

జూరాల గాలి (గద్వాల)
అక్టోబర్ 24, రాత్రి 8:31

నాదీ 45, వెడల్పు పాదమే. కొన్ని నమూనాలు వెడల్పు కొలతలో విడిగా వస్తాయి, పెట్టె మీద ఆ మాట చూసి తీసుకోవాలి. నా పాత జత ఇంట్లో ఉంది, అట్ట బాగానే ఉంది. వచ్చే ఆదివారం నల్గొండ వస్తున్నాను. వేసుకుని చూసి, సరిపోతే ఉంచుకోమనండి. నాలుగు నంబర్ అలెన్, గ్రీజు మీరు తెండి.

మన్యంకొండ మెట్లు (మహబూబ్‌నగర్)
అక్టోబర్ 24, రాత్రి 8:40

అయితే మేమూ ఆదివారమే వస్తాం. పొద్దున ఏడింటికి ఛాయా సోమేశ్వరాలయం దగ్గర. టీ మాట గుర్తుంది మాస్టారూ.